డబ్బా మోతకి జవాబు

మా లైన్ ఇళ్ళలో రాసమ్మ పిన్నిది పెద్ద గొంతు. సుంగై సుమున్ అనే ఊరు దాటాక పామాయిల్ తోట అంచున మిగిలిపోయిన పాత కూలీల ఇళ్ళ వరస మాది. పిన్ని ఆ తోటలోనే కలుపు మందు కొడుతుంది. వీపున పంపు మోసుకుని పొద్దున్నే వెళ్ళి, ఎండ తిరిగాక వస్తుంది. తన తీగ మీద ఎవరి చొక్కా ఆరేసి ఉన్నా సరే, వాళ్ళని పేరు పెట్టి పిలిచి మరీ తిడుతుంది. అంత గొంతున్న మనిషి మసక పడ్డాక తోటలో మాత్రం నోరు విప్పేది కాదు.

కిందటి వానల్లో మాకు నీళ్ళొచ్చే పైపు పగిలింది. తెల్లారి కాసేపు సన్నటి ధార వచ్చేది. అది వంటకీ తాగడానికీ అయిపోయేది. వెనకనున్న టాయిలెట్లు నీళ్ళు లేక నిండిపోయి వాసనేస్తుంటే, తోటలో కూలీల మీద మేస్త్రీ, మండోర్, వచ్చి వాటికి తాళాలు వేసి పోయాడు. మగవాళ్ళకి పెద్ద ఇబ్బంది లేదు. వాళ్ళు పనిచేసే ఫ్యాక్టరీలోనే కానిచ్చుకుని వస్తారు. ఆడవాళ్ళం మాత్రం చీకటి పడేదాకా ఓర్చుకుని తోటలోకి వెళ్ళేవాళ్ళం.

పిన్ని కూతురు ప్రేమిలకి పదమూడేళ్ళు. బడికి తీసుకెళ్ళిన నీళ్ళ సీసాని నిండుగానే తిరిగి తెచ్చేది. నేనూ ఒకప్పుడు అలాగే తెచ్చేదాన్ని, తరవాత బడే మానేశాను. పిన్ని కూడా ఎండలో గుక్కెడు తాగి ఊరుకునేది. ఒంటేలుకి మంటగా ఉందని క్లినిక్‌కి వెళితే బాగా నీళ్ళు తాగమన్నారట.

"తాగమంటే తాగుతాను లా. తాగినాక ఎక్కడికెల్లాలో ఆ నర్సమ్మ సెప్పనేదు," అని, ఇక్కడి అలవాటుగా మాటకి 'లా' తగిలించి నవ్వింది.

పిన్ని అత్త దేవుడమ్మ మామ్మ మంచం దిగలేదు గానీ, తోటలోకి వెళ్ళే ఆడవాళ్ళకి కట్టుబాటు పెట్టింది ఆవిడే. దీపాలు పెట్టాక తోటలో ఆడపిల్లని పేరుతో పిలవకూడదు.

"పిలిసినారంటే తోటలో ఉన్నది ఆ పేరు నేర్సుకుంటాది. మర్నాడు అదే పిలుస్తాది. మీ అమ్మ గొంతుతోనే పిలుస్తాది," అనేది మామ్మ.

అందుకని పిన్ని పాలపొడి డబ్బా పట్టుకుని తోటలోకి దాటడానికి కాలవ మీద వేసిన పలక దగ్గర కాపలా నిలబడేది. చెంచాతో డబ్బా మీద కొడితే, లోపలున్నవాళ్ళు చప్పట్లు కొట్టాలి. చప్పట్లు వినబడితే క్షేమంగా ఉన్నట్టు. టాయిలెట్లు లేని మామ్మ కాలం నుంచీ ఇదే పద్ధతి.

ఒకరోజు సాయంత్రం ప్రేమిల అందరితో రాలేదు. దానికి నెలసరి. వాన వెలిసి, మిగతావాళ్ళు తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుంది. పిన్ని నన్ను కేకేసింది.

"ఓలే గుంటా, నువ్వూ రాయే, తోడుంటాది."

పలక దగ్గరికి వెళ్ళేసరికి చెట్ల కింద అప్పటికే నల్లగా ఉంది.

"అమ్మా, నువ్వు ఇటు సూడకు," అంది ప్రేమిల.

"నానే కన్నాను కదే నిన్ను!"

"అక్క కూడా సూడకూడదు."

"అక్క నేల సూస్తాది. అది ఎప్పుడూ అదే కదా సూస్తాది," అంది పిన్ని.

నేను నిజంగానే నేల చూస్తున్నాను. ప్రేమిల చెప్పులు బురదలో ఎడమ పక్కకి వెళ్ళడం చూశాను. తరవాత ఆ పిల్ల టార్చి ఆర్పేసింది.

ఎక్కడో తోటలో మోటార్‌సైకిల్ చప్పుడు దగ్గరికొచ్చి ఆగిపోయింది. లైటు కనబడలేదు. పిన్ని డబ్బా కొట్టింది. చప్పట్లు రాలేదు. ఆకుల మీంచి నీళ్ళు కారుతున్న చప్పుడే ఉంది. మళ్ళీ కొట్టింది.

ఈసారి చప్పట్లు వినిపించాయి.

"హమ్మయ్య," అని పిన్ని అటు అడుగు వేసింది. నేను ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను.

"పిన్నీ... ప్రేమిల ఎడమకి ఎలిపోనాది. ఆ సప్పుడు కుడి పక్కది."

పిన్ని ఆగిపోయింది. కుడి పక్క నుంచి మళ్ళీ చప్పట్లు. నెమ్మదిగా, కోడిపిల్లల్ని పిలిచినట్టు. పిన్ని చేతిలోని చెంచా జారి కాలవలో పడింది. ఆవిడ నోరు తెరిచింది, మూసింది. మామ్మ మాట ఆవిడ గొంతుకి అడ్డం పడిందని నాకు తెలుస్తూనే ఉంది.

"ప్రేమిలా!"

తోటంతా అదిరింది. పక్షులు లేచిపోయాయి.

"అమ్మా," అని ఎడమ పక్క నుంచి, చాలా దగ్గరలో, సన్నగా వినిపించింది.

నరికి పోగేసిన మట్టల వెనక, రెండు చేతులూ నోటికి అదుముకుని కూర్చుంది ఆ పిల్ల. మేం లాగితే గానీ లేవలేదు.

"నాను కొట్టనేదమ్మా. ఎవులో కొట్టినారు. నాను కొడితే నాకాడికి ఒచ్చేస్తాడని కొట్టనేదు."

మేం పలక దాటుతుండగా వెనక మోటార్‌సైకిల్ మొదలైంది. ఎటు పోయిందో చూడలేదు.

పిన్ని మొగుడు అప్పలసామి బాబాయి నలుగురిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. మనిషి దొరకలేదు. కుడి పక్కన ఒక చెట్టు మొదట్లో గడ్డి అణిగిపోయి, నేల గట్టిపడి ఉందట. ఒక్క రోజు నిలబడితే అలా అవ్వదన్నాడు బాబాయి. పోలీసులకి చెప్పి వచ్చారు. వాడెవడో ఇప్పటికీ తెలీదు.

"పేరు పిలిసేసినావటే?" అని మంచం మీంచి మామ్మ అడిగింది.

"పిలిసినాను అత్తా. తోటలో ఉన్నోడు పేరు నేర్సుకోనేదు. మన సప్పట్లు నేర్సుకున్నాడు," అంది పిన్ని. మామ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

పొద్దున్న పిన్ని పనికి వెళ్ళలేదు. గెలలు కోసే ఉలితో టాయిలెట్ తాళం పగలగొట్టింది. మండోర్ పరిగెత్తుకొచ్చాడు.

"ఎవులు తియ్యమన్నారు?"

"నీ పెల్లాన్ని తెచ్చి ఆ సెట్ల కింద కూకోబెట్టు లా. అప్పుడు మల్లీ తాలం ఎట్టుకుందువు గానీ."

అతను నిండిన గుంత గురించి ఏదో అని వెళ్ళిపోయాడు. బాబాయి చెప్పి పంపితే గుంత తోడే లారీ వచ్చింది. ఆడవాళ్ళం కాలవ నీళ్ళు బకెట్లతో మోసి టాయిలెట్ కడిగాం. మందు పంపులు కడిగే కాలవ అది. ఆ నీళ్ళు ఒంటికి తగలనివ్వద్దని పిన్ని పదేపదే అరిచింది. కడుక్కోవడానికి తెల్లారి ధారలోంచి ఒక బకెట్ పక్కన పెడతాం. పైపు ఇంకా బాగుచెయ్యలేదు.

ఇప్పుడు సంధ్య వేళ ప్రేమిల టాయిలెట్‌కి వెళితే, పిన్ని తలుపు బయట నిలబడి పిలుస్తూనే ఉంటుంది.

"ప్రేమిలా!"

"ఉన్నాను."

"ప్రేమిలా!"

"ఉన్నానమ్మా!"

ఒక్కోసారి జవాబు కొంచెం ఆలస్యమవుతుంది. అప్పుడు మా వంటింట్లో గరిటె ఆగుతుంది. పక్కింట్లో టీవీ గొంతు తగ్గుతుంది. జవాబు వచ్చాకే మళ్ళీ అన్నీ మొదలవుతాయి.

మొన్న పక్కింటి బాబుకి పుట్టినరోజు చేశారు. కేకు కోశారు. వేరే ఊరి నుంచి వచ్చిన చుట్టం ఒకావిడ సంతోషంగా చప్పట్లు మొదలుపెట్టింది. మా లైన్ ఆడవాళ్ళెవరూ చెయ్యి కలపలేదు. ప్రేమిల అప్పటికే వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళిపోయింది.