ఎలుకల గుండెలు, మా అత్తగారి గుండె

మా అత్తగారి లెక్కలో నేను చదివిన చదువంతా బూడిదలో పోసిన పన్నీరు. విజయవాడ శివార్లలో ఒక ల్యాబ్‌లో చిట్టెలుకల గుండెలకు ఎకో తీయడం నా ఉద్యోగం. ఎలుకకు మత్తిచ్చి, వెచ్చటి పలక మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మీది బొచ్చు తీసి, గోరువెచ్చటి జెల్ రాసి, గుండె కొట్టుకోవడం తెర మీద చూస్తాను. బొచ్చు తీసే క్రీము గవర్నర్‌పేటలో ఒక ఫ్యాన్సీ షాపులో కొనేదాన్ని. అన్నేసి ట్యూబులు తీసుకుంటుంటే షాపాయన నా చేతుల వంక జాలిగా చూసేవాడు. "ఎలుకలకండీ" అని చెప్పాక ఆ జాలి కూడా పోయింది.

ఇంటికొచ్చి తలస్నానం చేస్తేగానీ నాకు వంటింట్లోకి ప్రవేశం లేదు. "వినాయకుడి వాహనానికి బొచ్చు గొరిగి వచ్చింది మహాతల్లి" అని అత్తగారు పక్కింటావిడతో అనేది, సరిగ్గా నాకు వినపడేంత మెల్లగా. చల్లపల్లిలో వాళ్ళ వడ్లకొట్టుకు ఎలుకల మందు పెట్టించినప్పుడు వినాయకుడు దేనిమీద తిరిగేవాడో నేనడగలేదు. అడిగితే కాపురం చేసినట్టే.

అలాంటి మనిషికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ఒకరోజు కూరగాయల సంచీతో గుమ్మంలోనే కూలబడింది. డాక్టరు ఎకో తీయించమన్నాడు. ఆవిడ ససేమిరా అంది.

"మగాడి ముందు రవిక విప్పి పడుకోమంటావా? నన్నూ ఎలుకనుకున్నావా?"

ఎలుకలు ఇంత పేచీ పెట్టవు. కానీ నాకు నిజంగా భయం వేసింది. ఆడమనిషి ఎకో తీసే స్కాన్ సెంటర్ ఒకటి వెతికి పట్టుకున్నాను. మా ఆయన ఆవిడను తీసుకొచ్చి బయట కూర్చున్నాడు. నేను ల్యాబ్ నుంచి నేరుగా వచ్చి లోపలికి వెంట వెళ్ళాను.

ఏసీకి జెల్ సీసా మంచుగడ్డలా ఉంది. అలవాటు కొద్దీ అందుకుని, అరచేతుల మధ్య రుద్ది వెచ్చబెట్టి టెక్నీషియన్‌కిచ్చాను.

"నీ ఎలుకలకీ ఇలాగే చేస్తావా?" అంది అత్తగారు.

"అవునండీ."

"అబ్బో, రాజభోగమే."

తెర మీద ఆవిడ గుండె కనపడింది. ఆ బొమ్మ నాకు కొత్త కాదు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాన్ని దారంతో బిగించిన ఎలుకల్లో, కొన్ని వారాలకు గుండె గోడలు అచ్చం ఇలాగే మందమెక్కుతాయి. ఆ దారం కట్టేది మేమే. ఆవిడకు ఎవరూ కట్టలేదు. రక్తం బయటికెళ్ళే కవాటం దానంతటదే ఇరుకైపోయింది.

అత్తగారు తెర వైపు చూడటం లేదు. నా మొహమే చూస్తోంది.

"నీ ఎలుకల్లో ఇలాంటివి చూశావా?"

"చూశానండీ."

"అవేమయ్యాయి?"

అబద్ధం చెబుదామనుకున్నాను.

"పోయాయండీ. వాటిని బతికించడానికి ఎవరూ ఆపరేషన్ చెయ్యలేదు. మీకు చేస్తారు."

ఆవిడ పైట సర్దుకుంటూ లేచి కూర్చుంది.

"సరే, ఎప్పుడో కనుక్కో. ఇంటికెళ్ళగానే ముందు తలస్నానం చెయ్యి" అంది. అని, ఇంకా స్నానం చెయ్యని నా చెయ్యి పట్టుకునే మంచం దిగింది.