బాపట్లలో తీసిన మాల

మా ఆయన ఏటా అయ్యప్ప మాల వేసుకునేవారు. మాల మెడలో ఉన్న మండలం రోజులూ మా ఇల్లు ఇల్లులా ఉండేది. చన్నీళ్ళ స్నానం, నల్లబట్టలు, ఒంటిపూట భోజనం. మందు ఊసే లేదు. నేనూ మా అత్తగారూ ఆయన్ని "స్వామీ" అనేవాళ్ళం, ఆయన మమ్మల్ని "మాతా" అనేవారు. ఆ స్వామే శబరిమల వెళ్ళొచ్చి, తల్లి చేత మాల తీయించుకున్న సాయంత్రం సీసా ఎత్తేవారు. స్నేహితులు తెనాలి స్టేషన్లోనే పట్టుకుని, రేపల్లెలో మా ఇంటిదాకా వెంటబడి వచ్చి, మాల తీసేదాకా వాకిట్లో కాచుకునేవాళ్ళు. దేవుడికిచ్చిన గడువు అయిపోయిందట! నాకు ఒళ్ళు మండిపోయేది. ఆయన్ని మళ్ళీ "ఏమండీ" అని పిలవాలంటేనే భయం వేసేది.

తొంభైల మొదట్లో ఒక ఏడు, ఆయన ఇరుముడి కట్టుకుని వెళ్ళాక, తెనాలిలో డాక్టరుగారి దగ్గర మొరపెట్టుకున్నాను. అంతకుముందు కామెర్లొస్తే ఆయన్ని బతికించింది ఆ డాక్టరే. "ఈసారి తాగితే నేను చేయగలిగిందేమీ ఉండదమ్మా" అన్నారు. నా మొహం చూసి కాస్త మెత్తబడి, "బాపట్లలో ఆదివారాలు తాగుడు మానినవాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారట. ఎక్కడో నాకూ తెలీదు" అన్నారు.

ఆయన రైలు వచ్చేదీ ఆదివారమే. మద్రాసు వైపు నుంచి వచ్చే రైలుకి తెనాలి కంటే ముందు బాపట్ల తగులుతుంది. ఆ సంగతి పట్టుకుంది మా అత్తగారే.

"వాణ్ణి తెనాలి దాకా రానిస్తేగా!" అంది.

పొద్దున్నే చెరుకుపల్లి మీదుగా బస్సులో బాపట్ల చేరాం. నోరు విడిచి అడగడానికి నాకు సిగ్గు. ఒక మందుల షాపులో, "మొగుళ్ళ గురించి ఆడవాళ్ళు వెళ్ళే మీటింగ్ ఎక్కడండీ?" అని గొణిగాను. అతను అంతా అర్థమైనట్టు తలూపి ఒక సందు చూపించాడు. తీరా వెళ్తే అది కుటుంబ నియంత్రణ క్యాంపు! నర్సమ్మ కుర్చీ చూపించి, "ఎంతమంది పిల్లలమ్మా? ఆపరేషన్ నీకా, ఆయనకా?" అంది.

"సిగ్గు తగలెయ్య! నా కొడుక్కి ఆపరేషన్ చేయించేట్టున్నావే!" అని అత్తగారు నన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. నేరుగా బస్టాండు దగ్గర సోడా కొట్టుకెళ్ళి, వీధంతా వినేట్టు అడిగింది.

"బాబూ, తాగుడు మానేసినవాళ్ళు ఆదివారం కూర్చునేది ఎక్కడ?"

అక్కడున్నవాళ్ళు గొల్లున నవ్వారు. "మానేసినవాళ్ళా పిన్నిగారూ? తాగేవాళ్ళయితే చెప్పండి, ఎంతమందినైనా చూపిస్తాం" అన్నాడొకడు.

"తాగేవాణ్ణి ఇంట్లోనే చూస్తున్నాను. నువ్వు చూపించేదేంటి!" అంది.

సోడా తాగుతున్న ఒక పెద్దమనిషి మాత్రం నవ్వలేదు. ఇస్త్రీ చొక్కా, నుదుటిన విభూతి. సీసా కొట్టు మీద పెట్టి దగ్గరికొచ్చాడు. "రండమ్మా, చూపిస్తాను. నేనూ వాళ్ళలో ఒకణ్ణే" అన్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. తాగుడు మానేసిన మనిషిని కళ్ళారా చూడడం అదే మొదలు.

ఆ పెద్దమనిషి చూపించింది ఒక ట్యూషన్ పాక. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి రమ్మన్నాడు.

మధ్యాహ్నం రైలాగింది. కిటికీలోంచి మమ్మల్ని చూసి మా ఆయన కంగారుపడ్డారు. "ఏంటి మాతా, ఇక్కడున్నారు?"

"దిగు స్వామీ" అంది అత్తగారు.

"తెనాలిలో వాళ్ళంతా ఎదురుచూస్తుంటారు..."

"మాల తీసేది నేనా, వాళ్ళా? నేను ఇక్కడే తీస్తాను. దిగకపోతే జన్మంతా ఆ మాలతోనే ఉండు, నేను చెయ్యి వెయ్యను!"

వెనకనుంచి గురుస్వామి, "తల్లి మాట స్వామీ, దిగండి" అన్నారు. రైలు కదలబోతుండగా ఆయన ఇరుముడి నెత్తిన పెట్టుకుని దిగారు.

సాయంత్రం ఆయన్ని వెంటబెట్టుకుని పాకకి వెళ్ళాం. పిల్లల బెంచీల్లో మోకాళ్ళు పట్టక ఇరుక్కుని కూర్చున్నారు పెద్ద పెద్ద మగాళ్ళు. ఒక్కొక్కరే లేచి తమ గోడు చెప్పుకుంటున్నారు. పిట్టలవానిపాలెం రైతు ఒకాయన, "నేనూ ఏటా మాల వేసేవాణ్ణి. తీసిన రోజే తాగేవాణ్ణి" అన్నాడు. మా ఆయన చటుక్కున తలెత్తారు. కాసేపటికి తనే లేచి నిలబడ్డారు.

"స్వాములూ, నేనూ తాగుబోతునే. ఈ మాల తీయాలంటే భయంగా ఉంది."

భయమట! ఇన్నేళ్ళూ ఆ భయం నా ఒక్కదానికే ఉందనుకున్నాను.

"మేమందరం భయపడుతూనే మానేశామండి" అన్నాడు సోడా కొట్టు దగ్గరి పెద్దమనిషి.

అత్తగారు లేచి, శరణు చెప్పి, కొడుకు మెడలోంచి మాల తీసింది. అరవణ డబ్బా తెరిచి ప్రసాదం అందరి చేతుల్లో పెట్టాం.

రేపల్లె బస్టాండులో దిగేసరికి స్నేహితులు ఎదురుగా ఉన్నారు. తెనాలిలో చూసి చూసి అప్పుడే తిరిగొచ్చారట. "ఏంటి బావా, కళ్ళు కాయలు కాచాయి! మాల తీశావుగా, ఇంక పద" అన్నాడు సీసాల సంచీ పట్టుకున్నవాడు.

ఆయన వాళ్ళని దాటుకుని ఎంక్వైరీ కిటికీ దగ్గరికెళ్ళారు. "ఆదివారం మధ్యాహ్నం బాపట్లకి బస్సు ఎన్నింటికండీ?" అని అడిగారు.

ఆ బస్సు ఆయన ఆ తరవాత ఏళ్ళ తరబడి ఎక్కారు. కానీ నేను గెలిచింది ఆ కిటికీ దగ్గరే.

"ఏమండీ, పదండి, వేడిగా అన్నం వండుతాను" అన్నాను. బస్టాండంతా వినేట్టు, గట్టిగా.