చీలిన చెవి గుర్రం

నా చిన్నప్పుడు చింతామణిలో మా ఇంటి వాకిలి పైన ఒక లాడం కొట్టి ఉండేది. ఎద్దులకు కొట్టే బరువు లాడం కాదు, పందెపు గుర్రానిది. సన్నగా, తేలిగ్గా ఉండేది. మా తాతయ్య నేను పుట్టకముందు బెంగళూరులో ఒక దొర దగ్గర పందెపు గుర్రాలను చూసుకునేవాడు. ఆయన చేతిమీద పెరిగిన ఎర్రగుర్రం ఒక ఏడాది పెద్ద పందెం గెలిచింది. ఏడాదికొకసారి, నాలుగేళ్ళ గుర్రాలకు మాత్రమే పెట్టే పందెం అది. ఏ గుర్రానికైనా జన్మలో ఒక్కసారే ఆ అవకాశం. ఆ రోజు దాని కాలికున్న లాడమే మా వాకిలికెక్కింది. దాని కింద నిలబడి నేను వాడలోని పిల్లలందరి దగ్గరా గొప్పలు పోయేదాన్ని.

నాకు ఊహ తెలిసేసరికి తాతయ్య ఊరికి వచ్చేసి, ఇంటి పక్క చావిట్లో జట్కా గుర్రాలకు లాడాలు కొడుతుండేవాడు. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచేవి, అవీ దారిలో ఎక్కడ ఆగిపోతాయో తెలియదు. అందుకని జట్కాలకు గిరాకీ ఎక్కువ. జట్కావాళ్ళు చావిట్లో కూర్చుని, రైల్లో వచ్చినవాళ్ళు చెప్పిన బెంగళూరు పందాల కబుర్లు చెప్పుకునేవారు. ఈ ఏడు పందెం గొప్పదా, నిరుటిది గొప్పదా అని వాదులాడుకుని, చివరికి తాతయ్యను తీర్పు అడిగేవారు.

తాతయ్య అంత సులువుగా తీర్పు చెప్పేవాడు కాదు.

"గెలిచినదాన్ని చూసి పందేన్ని మెచ్చుకోవద్దండప్పా. దాని ఎనకాల వచ్చినవి ఇంక యాడేడ గెలుస్తాయో చూడండి. అవి గట్టివైతేనే ఇదీ గట్టిది" అనేవాడు. ఏడాదిపాటు ఓడిన గుర్రాల సంగతులు ఆరా తీసి, అప్పుడు గానీ మాట బయటపెట్టేవాడు కాదు. ఈ తాత తీర్పు వచ్చేలోపల గుర్రాలు ముసలివైపోతాయని జట్కావాళ్ళు ఆటపట్టించేవారు.

తన పందేనికి మాత్రం ఆ లెక్క లేదు. అట్లాంటి పందెం మళ్ళీ రాలేదనేవాడు. ఎర్రగుర్రం ఆరు గుర్రాల దూరం ముందు వచ్చిందనీ, దాని వెనక వచ్చింది ఎడమ చెవి కొస చీలిన నల్లగుర్రమనీ చెప్పేవాడు. అక్కడికి రాగానే కథ ఆపి సుత్తి అందుకునేవాడు. ఎందుకు ఆపుతాడో నేనెప్పుడూ అడగలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక ఉదయం రైలు స్టేషన్ ముందు కొత్త జట్కా కనిపించింది. దానికి కట్టింది నల్లగుర్రం. ఎడమ చెవి కొస రెండుగా చీలి ఉంది. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ఒక్క పరుగున చావిట్లోకి వచ్చి, తాతయ్య చేతిలోని సుత్తి లాగేసుకుని, "తాతా, నీ గుర్రం చేతిలో ఓడిపోయింది వచ్చిండాది! జట్కా లాగుతాండాది!" అని అరిచాను. ఆయన మొహం వెలిగిపోతుందనుకున్నాను. ఆయన తలగుడ్డ కూడా చుట్టుకోకుండా నా వెంట నడిచాడు.

గుర్రం దగ్గరికి రాగానే తాతయ్య వంగి దాని ముందుకాలు మోకాటి నుంచి గిట్టదాకా నిమిరాడు. అక్కడ వెంట్రుకలు మొలవని వాత చారలు అడ్డంగా ఉన్నాయి. జట్కావాడు పాతవాళ్ళు చెప్పిన మాట చెప్పాడు.

"ఏదో పెద్ద పందెంలో కాలు పోయిందంటప్పా. కాలు బాగుపడల్లని మర్నాడే వాత పెట్టినారంట. అప్పట్నించీ ఇట్లే, ఒక కాలు సరిగా మోపదు."

నేను ఊరుకోవచ్చు కదా. ఎన్నోసార్లు విన్న పాఠం నాకు నోటికి వచ్చాయె. "ఎనకాల వచ్చింది గట్టిదైతేనే పందెం గట్టిది అంటావు కదా తాతా. ఇది కుంటిది కదా. మరి మన పందెం ఎట్లాంటిది?" అన్నాను.

తాతయ్య ఆ కాలు వదలకుండా నేలమీద చతికిలబడ్డాడు. గుర్రం మెడ వంచి ఆయన భుజం వాసన చూసి, తల అక్కడే ఆనించింది. ఆయన చేసింది దానికేం తెలుసు? నాకూ అప్పుడే తెలిసింది.

పందెం రోజు పొద్దున ఈ గుర్రాన్ని చూసుకునే మనిషి, తాతయ్యకు స్నేహితుడే, అనుమానమొచ్చి కాలు పట్టి చూడమన్నాడట. "పట్టి చూసినాను. కాలిపోతా ఉన్నింది, లోన దెబ్బ ఉండాదని తెలిసిపోయె" అన్నాడు తాతయ్య, నాతో కాదు, గుర్రంతో. "ఏమీ లేదప్పా, పరిగెత్తనీ అన్న్యాను. నాది గెలవల్లని." దెబ్బ కనిపెట్టలేదని ఆ స్నేహితుణ్ణి పనిలోంచి తీసేశారు. ఆయన ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

ఇంటికి రాగానే తాతయ్య నిచ్చెన వేసి లాడం ఊడబెరికాడు. ఆ తర్వాత ఎవరైనా పెద్ద పందెం సంగతి అడిగితే, "అది పందెం కాదప్పా. ఒగటి పరిగెత్తె, ఒగటి కుంటె" అని, స్నేహితుడికి తను చెప్పిన అబద్ధం కూడా చెప్పేవాడు. నాకు సిగ్గుతో ప్రాణం పోయేది. ఎవరూ అడగకుండా ఉంటే బాగుండుననుకునేదాన్ని.

రోజూ పొద్దున ఉడికిన ఉలవలు తీసుకుని స్టేషన్‌కు వెళ్ళి, ఆ కాలికి చన్నీళ్ళు పోసి వచ్చేవాడు. సాయంత్రం ఆ జట్కా మా వీధిలో వెళ్ళేది. మూడు అడుగులు బరువుగా, ఒకటి తేలిగ్గా. ఆ చప్పుడు వినిపిస్తే తాతయ్య సుత్తి ఆగిపోయేది. రెండేళ్ళకు జట్కావాడు బాగేపల్లికి మారిపోయాడు. వీధిలో ఆ చప్పుడు లేకపోయినా, ఆ వేళకు ఆయన సుత్తి ఆగుతూనే ఉండేది.

మరుసటి ఏడు పరీక్షలో నేను తరగతికంతా మొదట వచ్చాను. మేష్ట్రు నా పేరు చదివి భుజం తట్టారు. రెండో పేరు మా పక్కింటి పిల్లది. పరీక్ష ముందురోజు తను ఫలానా పాఠం వస్తుందా అని అడిగితే, అది రాదని చెప్పింది నేనే. వస్తుందని మేష్ట్రు అనడం నేను విన్నాను. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నాకు మాత్రం ఆ గుర్రం అడుగులే వినిపించాయి.

నిలబడి నిజం చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. తాతయ్యకు చాలింది. ఆ పిల్ల ఇప్పుడు లేదు, నాకు ఎనభై దాటాయి. ఈనాటికీ ఎవరైనా నన్ను మెచ్చుకుంటే, మూడు బరువుగా, ఒకటి తేలిగ్గా, అది మా వీధిలోకి వస్తుంది.