దేవరకొండ మీద పగిలిన కాలువ

పక్కింటివాళ్లు పొద్దుటి నుంచి బండకు డ్రిల్లు పెట్టారు. ఒకటే రొద, కిటికీలోంచి రాతిపొడి వాసన. ఆ వాసన తగిలితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. పదేళ్లవుతున్నా తగ్గలేదు. పక్కింటివాళ్లేం చేశారు పాపం, మండేది నా మీద నాకే.

తెలంగాణ వచ్చిన కొత్తలో దేవరకొండ బడిలో టీచరుగా చేరాను. సాంఘిక శాస్త్రం చెప్పే సత్తెమ్మ మేడం అక్కడ అందరికన్నా పెద్ద. నేతపనివాళ్ల ఇంటి మనిషి, మగ్గం గుంట పక్కన కూర్చుని చదువుకున్నది. కోపం ముక్కు మీదే ఉండేది. ఏటా వానలు వెనకబట్టాక తొమ్మిదో తరగతిని ఖిల్లా ఎక్కించేది. మొదటి దర్వాజ దగ్గరే ఆపి, "రాజుల ముచ్చట తర్వాత. గింతమంది గీ గుట్ట మీద ఏం తాగి బతికిన్రో జర చూపియ్యిండ్రి" అనేది. పిల్లలు బండలెక్కి దిగి వెతికితే, రాతిలో జానెడు వెడల్పున తొలిచిన కాలువ దొరికేది. పై బండల మీద పడిన వాన దాని వెంట జారి కోనేట్లో చేరుతుంది. "ఏలినోళ్ల పేర్లు పుస్తకంల ఉన్నయ్. ఉలి పట్టినోని పేరు యాడ లేదు. ఆయన పారిచ్చిన నీళ్లు ఇయ్యాల్టికి పారుతున్నయ్" అనేది. ఒకప్పటి పద్మనాయకుల రాజధాని ఆ ఖిల్లా అంటే అంతదాకా నాకు బురుజులూ గోడలే.

ఆ కాలువ ఒకచోట బండ కిందికి దూరి అవతల తేలుతుంది. నేను ఆ చీకటి నోటిని ఫోటో తీసి, 'రాజుల రహస్య సొరంగం' అని రాసి ఫోన్లో అందరికీ పెట్టాను. కోటకు పేరొస్తుందని పెట్టానంటే సగం అబద్ధం. నన్ను మెచ్చుకోవాలని పెట్టాను. మెచ్చుకున్నారు, అది ఊరూరూ తిరిగింది. నెల తిరక్కముందే గుప్తనిధుల కోసం ఎవరో దిక్కుమాలినవాళ్లు డ్రిల్లు తెచ్చి ఆ బండను చీల్చేశారు. మేం వెళ్లేసరికి నిమ్మకాయలు, కుంకుమ, తెల్లటి రాతిపొడి. నీళ్ల కాలువలో బంగారమేమిటి, మన్నూ మశానం! మరుసటి వానాకాలం పడిన వానంతా ఆ చీలికలోంచి లోయలోకి పోయింది. ఆ ఏడు కోనేరు నిండలేదు.

పగలగొట్టినప్పుడు పోలీసులొచ్చి, గుర్తు తెలియని వ్యక్తుల పని అని కాగితం రాసుకుపోయారు. నా పేరు రానందుకు నాకు లోపల్లోపల హాయిగా అనిపించింది, సిగ్గులేకుండా. స్టాఫ్ రూములో కూర్చుని, "వాళ్ల చేతులు పడిపోను మేడం" అన్నాను.

ఆమె నేను తీసిన ఫోటోనే నా ముందు పెట్టింది. "వాళ్లెవరో నాకు తెల్వదు. నువ్వు తెలుసు."

"నేను మంచికే పెట్టిన మేడం."

"కాలువను కాలువ అంటే ఎవరు జూడరని సొరంగం జేసినవ్. ఉలి పట్టినోని కష్టం నీకు చాలలే."

ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు. "ఏడ్వకు. వచ్చే ఏడు పిల్లలను నువ్వే తోల్కపో. పగిలిన కాడ నిలబడి ఎవరి వల్ల పగిలిందో చెప్పు. చరిత్రంటే సచ్చినోళ్లదే గాదు."

ఆమెను అసహ్యించుకున్నాను. అయినా చెప్పాను. ఏటా ఆమె చేతులు కట్టుకుని నిలబడేది, నేను తడబడుతూ చెప్పేదాన్ని. మూడేళ్ల కింద మేడం పోయింది. ఆమె లేకుండా ఎక్కిన మొదటిసారి, ఒక అమ్మాయి చీలికలో చెయ్యి పెట్టి అడిగింది. "ఎవరు పగలగొట్టిన్రు మేడం?"

"ఎవరో దొంగలు" అని దాటేశాను. పిల్లలు ముందుకు పోయారు. నేను ఆ చీలిక దగ్గరే నిలబడ్డాను. తిట్టే మనిషి పోయిందో లేదో, అప్పుడే ఇంత తేలిగ్గా అబద్ధమాడానా అని నా మీద నాకే రోత పుట్టింది. అందర్నీ వెనక్కి పిలిచి, ఫోటో పెట్టింది నేనేనని, దొంగలకు దారి చూపింది నేనేనని చెప్పాను. ఆ అమ్మాయే మెల్లగా అడిగింది.

"మిమ్మల్ని ఎవరు ఏమనలేదా మేడం?"

"ఒక్కామె అన్నది" అన్నాను. "మిగతా అందరు మెచ్చుకున్నరు."