పురుగులకు పానకం

నిరుడు మిరప చేలో మందు కొడుతూ మా ఆయన కళ్లు తిరిగి గట్టున పడిపోయాడు. ఆసుపత్రి నుంచి వచ్చి ఆయన ఇంకా మంచం దిగకముందే మామగారు, "లద్దె పురుగు మళ్లీ లేచిందిరా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇకమీదట ఆ విషం డబ్బా మా ఆయన్ని పట్టనివ్వకూడదని ఆ రోజే అనుకున్నాను.

ఈ ఏడు, రైతు శిక్షణలో విన్న మాట పట్టుకుని దర్శి వెళ్లి ఒక చిన్న సీసా తెచ్చాను. అందులో ఉన్నది లద్దె పురుగుకు మాత్రమే జబ్బు చేసే వైరస్. ఆ పేరు వినగానే అత్తగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఊరంతా దాన్ని తరమలేక చచ్చాం. నువ్వు పోయి కొనుక్కొచ్చావా, అమ్మాయ్?"

ఇది మనుషుల జోలికి రాదని చెప్పాను. ఎండకు చెడకుండా బట్టల నీలిమందు, పురుగులు ఇష్టంగా తినేందుకు బెల్లం కలిపి, గురువారం పొద్దు వాలాక మా ఆయన చేత కొట్టించాను. బెల్లం చూసి మామగారు గుమ్మంలోనే కూలబడ్డారు.

"పురుగులకు పానకం పోసే కోడలు మాకే దొరికింది."

మా వైపు మందు కొట్టిన మర్నాడు తెల్లారే చేలోకి వెళ్లి రాలిన పురుగుల్ని చూసుకోవడం ఆనవాయితీ. రాలితే మంచి మందు, రాలకపోతే దొంగ మందు. మామగారు వెళ్లి చూస్తే ఒక్కటీ రాలలేదు. గట్టెక్కి పక్క చేల వాళ్లను కేకేశారు.

"ఒరేయ్, పానకం తాగి బలిసినై రా, వచ్చి చూడండి."

వాళ్లు నిజంగానే వచ్చి, తీరిగ్గా చూసి నవ్వుకుంటూ పోయారు. జబ్బు ముదిరి పురుగు చావడానికి నాలుగైదు రోజులు పడుతుందని నేను మొత్తుకున్నాను. వింటేగా. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

శనివారం పొద్దున్నే పాత మందు తెచ్చి కొడుకును పిలిచారు. అప్పటికే నేను స్ప్రేయర్ నాజిల్ ఊడదీసి బియ్యం డబ్బాలో దాచేశాను. ఇల్లంతా వెతికారు.

"నాజిల్ యాడ పెట్టావమ్మాయ్?"

"దానికీ వైరస్ సోకిందేమో, మామయ్యా."

మా ఆయన అటు తిరిగి నవ్వుకున్నాడు. పక్క చేల వాళ్లనడిగితే ఇచ్చేవాళ్లే గానీ, నవ్విపోయినవాళ్ల దగ్గరికి వెళ్లడానికి మామగారికి అభిమానం అడ్డొచ్చింది. మర్నాడు ఆదివారం, చర్చితో గడిచిపోయింది.

సోమవారం నాజిల్ కొనడానికి బయల్దేరి, దారిలో చేను చూసి ఆగిపోయారు. మొక్కల చివర్లలో పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. ముట్టుకుంటే నీరు కారిపోతున్నాయి. మామగారు మళ్లీ గట్టెక్కి కేకేశారు.

"మా మందు పనితనం చూద్దురు రండ్రా."

తర్వాతి వారం ఆయనే బెల్లం దంచి ఇచ్చి రెండోసారి కొట్టించారు. పెళ్లైనప్పటి నుంచీ చూస్తున్నాను, మందు కొట్టిన రోజు మా ఆయన అన్నం ముందు కూర్చుని, వికారం పుట్టి, ముద్ద ముట్టకుండా లేచేవాడు. ఆ రాత్రి గోంగూర పచ్చడి కలుపుకుని కంచం ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టమన్నాడు. గిన్నెలో ఏమీ మిగల్లేదు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. లేచి మళ్లీ ఎసరు పెట్టాను.