నూరితే కనిపించనివి

స్పెయిన్ వెళ్తే తినకుండా తిరిగి రాకూడనివి అంటూ మా ఆయన ఫోనులో ఒక జాబితా రాసుకున్నారు. పెళ్ళికి ముందు కంపెనీ శిక్షణ కోసం బార్సిలోనాలో మూడు వారాలు ఉన్నారు. ఆ మూడు వారాల గురించి మాట్లాడినంతగా ఆయన ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళ గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. టమాటా రుద్దిన రొట్టె, బంగాళాదుంపల అట్టు, వెడల్పాటి మూకుడులో వండే పాయెల్లా అన్నం, అన్నానికి బదులు సేమ్యాతో చేసే ఫిదెవా, నిప్పుల మీద నల్లగా కాల్చి పైపొర ఒలుచుకు తినే ఉల్లికాడలు, మన చేపల పులుసును గుర్తుచేసే సుకెత్, పైన పంచదార కాల్చి పెంకులా చేసే క్రెమా కతలానా. మొత్తం పదహారు. ఒక్కో పేరు పక్కన నక్షత్రాలు కూడా పెట్టుకున్నారు.

అవే పదహారు పేర్లతో నా దగ్గర ఇంకో జాబితా ఉంది. అందులో నక్షత్రాలు లేవు. ఏ వంటలో ఏమేం పడతాయో రాసుకున్నాను. మా పాపకు నాలుగేళ్ళు. జీడిపప్పు, బాదం, పిస్తా, హేజెల్‌నట్ లాంటివేవీ దాని ఒంటికి పడవు. వేరుశనగ ఒక్కటి పడుతుంది. మిగతావి ఒక్క పలుకు నోట్లోకి వెళ్ళినా ఆసుపత్రికి పరుగెత్తాలి. సెలవులకు బార్సిలోనా వెళ్దామని ఆయన ఏడాదిగా అంటున్నారు. వీసాలు కూడా వచ్చాయి. పిల్లను తీసుకుని ఆ ఊరు వెళ్ళవచ్చా, ముక్కూ మొహం తెలియని వాళ్ళు వండింది దాని నోట్లో పెట్టవచ్చా అన్నది మాత్రం పోయిన శుక్రవారం దాకా నాకు తేలలేదు. పాప నిద్రపోయింది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. ఈ రెండు పేరాలు రాసేలోపే రెండుసార్లు లేచి వెళ్ళి దాని ఊపిరి చూసి వచ్చాను.

మాది పలాస వైపు. మా ఊళ్ళో జీడిపప్పు పడని మనిషి ఉంటాడని నేనెప్పుడూ వినలేదు. మేముండే దోహాకు మా వైపు నుంచి ఎవరు వచ్చినా అమ్మ వాళ్ళ చేతికి జీడిపప్పు పొట్లాలు ఇచ్చి పంపేది. వంటింట్లో ఒక అరంతా అవే ఉండేవి. పాపకు ఏడాదిన్నర నిండినప్పుడు ఒక మధ్యాహ్నం బంగాళాదుంపల కుర్మా చేసి, కారం లేకుండా కొంచెం తీసి అన్నంలో కలిపి పెట్టాను. నాలుగో ముద్దకు పెదవులు ఉబ్బాయి. మెడ మీద దద్దుర్లు లేచాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడు వచ్చింది. ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చాక, నట్స్ ఏమైనా పెట్టారా అని డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను. మళ్ళీ అడిగింది. ఒక్కటి కూడా పెట్టలేదని గట్టిగా చెప్పాను. ఆవిడ మూడోసారి అడిగేసరికి నాకు కోపం కూడా వచ్చింది.

పాపకు బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళిన మా ఆయన అక్కడినుంచి ఫోన్ చేశారు.

"కుర్మాలో ఏం నూరి వేశావు? మిక్సీ జారు తెల్లగా ఉంది."

అప్పటికి గానీ నాకు తట్టలేదు. గుప్పెడు జీడిపప్పు నానబెట్టి నేనే నూరాను. నా దృష్టిలో జీడిపప్పంటే నేతిలో వేయించి పాయసంలోనో ఉప్మాలోనో వేసేది, పంటికి తగిలేది. నూరిందాన్ని కూర చిక్కబడటానికి వేసే ముద్ద అనుకుంటాను తప్ప జీడిపప్పు అనుకోను. మా అమ్మా అలాగే అంటుంది, మా పిన్నీ అలాగే అంటుంది. డాక్టరమ్మకు ఆ సంగతి మా ఆయనే చెప్పారు.

"ఏటే, పిల్లకి జీడిపప్పు పడకపోవడమేటి?" అని అమ్మ ఇప్పటికీ ఫోనులో అంటూనే ఉంటుంది. "మనూళ్ళో పిల్లలు జేబుల్లో పోసుకుని తింటారు. ఆ ఎడారి నీళ్ళు తాగించి పిల్లని పాడుచేస్తన్నారు."

అప్పటినుంచి, మళ్ళీ అలా అయితే వెంటనే తొడకు పొడవాల్సిన రెండు ఇంజెక్షన్ పెన్నులు నా చేతి సంచిలో, చల్లదనం నిలిచే ఒక చిన్న పౌచ్‌లో ఉంటాయి. ఇక్కడి ఎండకు వాటిని కారులో వదలకూడదు. సంచి మార్చినప్పుడల్లా పౌచ్ మారిందో లేదో మూడుసార్లు తడిమి చూసుకుంటాను. పుట్టినరోజు పండుగలకు పిలిస్తే పాపకు ఇంట్లోనే అన్నం పెట్టి తీసుకెళ్తాను. వాళ్ళు మనసు నొచ్చుకుంటారని తెలుసు.

ఇలాంటి నన్ను ఒప్పించాలని మా ఆయన ఒక ఉపాయం చెప్పారు. జాబితాలో ఉన్నవి ముందు మన వంటింట్లోనే వండుకుందాం, దేంట్లో ఏముందో నీకే తెలుస్తుంది అన్నారు. సరేనన్నాను. రెండు నెలలు వండాను. బంగాళాదుంపల అట్టు తిరగేసేటప్పుడు సగం పొయ్యి మీద పడింది. ఎస్కలివాదా అని ఒకటుంది. వంకాయలు, పెద్ద మిరపకాయలు, ఉల్లిపాయలు కాల్చి, తొక్క తీసి, చీలికలు చేసి, ఆలివ్ నూనె, ఉప్పు వేసి పెడతారు. వీడియోకాల్లో అది చూసి అమ్మ పకపకా నవ్వింది.

"వంకాయ పచ్చడి చేసి తాలింపు మర్చిపోయావేటే?"

పాయెల్లా వండిన రోజు అన్నం కలపనివ్వకుండా మా ఆయన నా చేతిలోంచి గరిటె లాక్కున్నారు. అడుగు మాడాలట, ఆ మాడే అసలు రుచట. అన్నం అడుగంటితే సిగ్గుపడే ఇంట్లో పెరిగినదాన్ని, ఆ మాడు వాసనకు పొయ్యి దగ్గర నిలవలేక బాల్కనీలోకి వెళ్ళిపోయాను. ఆయనా పాపా పోటీపడి చెంచాలతో ఆ మాడంతా గీకి తిన్నారు. పాప అన్నీ తింది. దానికి భయమనేది లేదు. అదే నా భయం.

ఇంట్లో వండింది సరే, బయట వాళ్ళు వండింది తినగలదా? అది కూడా ఇక్కడే తేల్చుకుందామని పోయిన శుక్రవారం దోహా పక్కనే ఉన్న లుసైల్‌లో సముద్రం వైపున్న ఒక స్పానిష్ హోటల్‌కు వెళ్ళాం. నమాజు అయ్యాకే తలుపులు తీశారు. మేమే మొదటివాళ్ళం. ఇక్కడ పంది మాంసం వండరు కాబట్టి జాబితాలో మూడు వంటలు ముందే ఎగిరిపోయాయని మా ఆయన నిట్టూర్చి, సుకెత్ తెమ్మని చెప్పారు. ఆర్డరు తీసుకునే అమ్మాయికి పాప సంగతి వివరంగా చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళి అడిగి వచ్చింది. నట్స్ ఏమీ లేవట, నిశ్చింతగా తినవచ్చట.

సుకెత్ మట్టి మూకుడులో పొగలు కక్కుతూ వచ్చింది. మా ఆయన ఒక చేప ముక్కా రెండు చెంచాల పులుసూ పాప పళ్ళెంలో వేశారు. పాప చెంచా పట్టుకుంది. ఆ పులుసు పళ్ళెంలో జారిపోకుండా నిలబడింది. అంత చిక్కదనం టమాటాతో రాదు. నేను పళ్ళెం మీద అరచెయ్యి అడ్డం పెట్టాను.

"మళ్ళీ మొదలుపెట్టావా?" అన్నారు మా ఆయన. "అడిగాం కదా, లేవన్నారు కదా."

"నేను కూడా డాక్టరుకు లేదనే చెప్పాను."

వండిన మనిషితో మాట్లాడాలని ఆ అమ్మాయిని అడిగాను. పాప చెంచాతో బల్ల మీద దరువు వేస్తోంది. నా చెయ్యి కాలుతోంది గానీ తీయలేదు. వంటింట్లోంచి తెల్ల కోటు వేసుకున్న ముప్పై ఏళ్ళ మనిషి వచ్చాడు. ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టబోయి, మా ఆయన నాతో అంటున్న మాటలు విని ఆగాడు.

"తెలుగోళ్ళా? ఏమైందక్కా, కూర బాగలేదా?"

కడప దగ్గరి పల్లెట. ఇంటి డ్రైవరుగా వచ్చి, ఆ వీసా అయిపోయాక వంటపనిలో చేరానని చెప్పాడు.

"కూర రుచి సంగతి కాదయ్యా. ఇందులో బాదంగానీ జీడిపప్పుగానీ వేశారా?" అని అడిగాను.

"అవేం లేవక్కా. చేప, బంగాళాదుంప, టమేటా, ఎల్లిపాయ. అంతే."

"మరి ఇంత చిక్కగా ఎలా వచ్చింది?"

"అదా, పికాదా ఏస్తాం గదా, దాంతో వస్తాది."

"పికాదా అంటే?"

"మన గసగసాల ముద్ద మాదిరే. దించే ముందు ఏస్తాం. రొట్టె ముక్క నూనెలో ఏంచి, దాంట్లోకి ఎల్లిపాయలు, కొత్తిమీర మాదిరి ఇంత ఆకు, బాదం..."

అక్కడ ఆగిపోయాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలోకి తీసుకున్నాడు.

"అయ్యో అక్కా. బాదం ఉండాది. రోజూ నా చేత్తోనే నూరతాండా. ముద్ద అనుకుంటా గానీ బాదమని అనుకోను. ఆ పిల్ల వచ్చి అడిగితే లేదనేసినా."

మా ఆయన పాప పళ్ళెం తీసి పక్క బల్ల మీద పెట్టేశారు. చెంచా కూడా లాక్కున్నారు. నాకు ఆ వంటాయన మీద కోపం రాలేదు. నేనూ ఇదే పొరపాటు చేశానని చెప్పాను.

"నీ బిడ్డకి నువ్వే పెట్టినావా?" అనేసి, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

ఆ తర్వాత వంటాయన లోపలికి వెళ్ళలేదు. నా జాబితా అడిగి తీసుకుని, మా బల్ల పక్కన నిలబడే ఒక్కో పేరూ చదివాడు. కాల్చిన ఉల్లికాడల పక్కన రోమెస్కో అని ఎర్రటి చట్నీ ఇస్తారట. చూస్తే మిరపకాయ చట్నీలా ఉంటుంది గానీ సగం బాదమేనట. నేను ఉల్లికాడల పక్కన "భయం లేదు" అని రాసుకున్నాను. చట్నీ ఊసే నాకు తెలియదు. స్పెయిన్ దక్షిణాన తెల్లటి చల్లని పులుసు ఒకటి తాగుతారట, అది పాలు కాదు, బాదమేనట. క్రెమా కతలానాలో పాలు, పంచదార, గుడ్డు సొన, మొక్కజొన్న పిండి, నిమ్మతొక్క, దాల్చినచెక్క తప్ప ఏమీ ఉండవు గానీ పైన ఏమన్నా చల్లారేమో చూసుకోమన్నాడు. పాయెల్లా ఒక్కో ఇంట్లో ఒక్కో మాదిరి చేస్తారు, అడగకుండా నమ్మొద్దన్నాడు.

"ఇంగోటి చెప్తా ఇనక్కా. నట్స్ ఉండాయా అని అడగొద్దు. చిక్కదనానికి ఏమేసినారు, పక్కన ఏం చట్నీ పెడతారు, అట్ల అడుగు. పికాదా అని పేరు పెట్టి అడుగు. ఆడ వంటోడు గూడా నా మాదిరోడే."

పాప ఆకలని ఏడుపు మొదలుపెట్టింది. సంచిలో పెరుగన్నం డబ్బా ఉంది. నేను అది తీస్తుంటే, టమాటా రొట్టె చేసిపెడతానన్నాడు, నా కళ్ళ ముందరే చేస్తానన్నాడు. నేను ఆ రొట్టె వచ్చిన కవరు చూపించమన్నాను. మా ఆయన కిటికీ వైపు తిరిగారు. వంటాయన చెత్తబుట్టలోంచి ఆ కవరు వెతికి, తుడిచి తెచ్చాడు. అక్షరం అక్షరం చదివాను. అప్పుడే కడిగిన చెక్క పలక, కొత్త చాకు తెచ్చి, కాల్చిన రొట్టె మీద వెల్లుల్లి రాసి, సగానికి కోసిన టమాటాను తొక్క మిగిలేదాకా రుద్ది, పైన నూనె, ఉప్పు వేసి పాప ముందు పెట్టాడు. మా బంధువుల ఇళ్ళల్లో కూడా ఏమీ తినని పాపకు అదే మొదటి బయటి తిండి. అందరూ నా వైపే చూస్తున్నారు. డబ్బా మూత మీద ఉన్న నా చెయ్యి ఎటూ కదలలేదు.

"తినొచ్చా అమ్మా?" అని అడిగింది పాప.

"తిను" అన్నాను. ఆ మాట బయటికి వచ్చిందో లేదో నాకే తెలియలేదు.

గడియారం చూశాను. రెండు దాటి అయిదు నిమిషాలు. సంచిలో పౌచ్ జిప్పు తీసి ఉంచాను. పాప రొట్టెను చుట్టూ కొరికి, నడుమ మెత్తటి భాగం చివరికి దాచుకుంది. మధ్యలో ఒక్కసారిగా దగ్గింది. నేను లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. మా ఆయన దాని మాడు మీద తట్టి, "పొలమారిందంతే, మీ అమ్మ తలుచుకుంటూ ఉంటుంది" అన్నారు. అయినా నేను దాని నాలుక చూశాను, మెడ చూశాను, ఆ హోటల్ మధ్యలోనే గౌను పైకెత్తి పొట్ట చూశాను. ఏమీ లేదు. పది నిమిషాలు గడిచాయి, ఇరవై గడిచాయి. మా ఆయన చల్లారిన సుకెత్ ముట్టుకోలేదు. ముట్టుకుంటే పాపను ఎత్తుకోవడానికి ఉండదని ఆయనే ఊరుకున్నారు. నేను చెప్పకముందే ఆయనకు అది తట్టడం ఆ మధ్యాహ్నం నాకు దొరికిన గొప్ప ధైర్యం.

"ఇంకోటి కావాలి" అంది పాప, మూతికి టమాటా గింజలతో.

ఆయన నా వైపు చూశారు. వంటాయన చాకు పట్టుకుని నిలబడ్డాడు. చేసి పెట్టమన్నాను.

కారులో పాప నిద్రపోయింది. అద్దంలోంచి దాని పెదవులు చూస్తూ వచ్చాను. ప్రయాణం సంగతి ఆయన ఎత్తలేదు. ఇంటి దగ్గర సిగ్నల్‌లో ఆగినప్పుడు నేనే మొదలుపెట్టాను.

"బార్సిలోనాలో సుకెత్ మొదటి రోజే తినేయండి. పాప నాతో గదిలో ఉంటుంది. పళ్ళు తోముకుని, చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని అప్పుడు ఎత్తుకోండి. రోమెస్కో ఉన్న బల్ల దగ్గర మనం కూర్చోం. రొట్టె, టమాటాలు కొట్లో మనమే కొందాం, రుద్దడం నేను రుద్దుతాను. ఎక్కడికి వెళ్ళినా ముందు నేను వంటింటి దాకా వెళ్ళి అడుగుతాను, మీరు కిటికీ వైపు తిరగకూడదు."

"సరే" అన్నారు.

చొక్కా సంగతి ఇంకోసారి చెప్పాను. దానికీ సరేనన్నారు.