దివిసీమ నుంచి నాతో ఎగిరిన బరువు

దెయ్యాల కబుర్లు మొదలైతే మధ్యలో లేచి వెళ్ళిపోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. గుడివాడలో మాకు ఆయిల్ ఇంజన్ల విడిభాగాల షాపుంది. ఇంజను ఆగిందంటే దానికో కారణం ఉంటుంది, అది దొరికేదాకా విప్పి చూడాలి. నాకు తెలిసిన లోకం అదే. ఇప్పటికీ దెయ్యాలున్నాయని నేను అనను. కానీ ఒక ఉదయం నాకు జరిగినదానికి మాత్రం కారణం దొరకలేదు. విప్పగలిగినవన్నీ విప్పి చూశాకే ఈ మాట చెబుతున్నాను.

ఇది 2006 ప్రాంతంలో జరిగింది. అప్పట్లో మా వైపు పారామోటార్ అంటే ఎవరికీ తెలియదు. వీపుకి ఒక చిన్న పెట్రోలు ఇంజను, దాని వెనక ఫ్యాను, నెత్తిమీద పారాచూట్‌లాంటి గుడ్డ రెక్క. నాలుగు అడుగులు పరిగెత్తితే రెక్క పైకి లేస్తుంది, ఇంకాస్త పరిగెత్తితే మనం లేస్తాం. కాళ్ళే చక్రాలు. తొడల కింద ఒక మనిషికి సరిపడే చిన్న పలక, అదే సీటు.

దాన్ని నాకు నేర్పింది విక్టర్ గారు. బందరు ఆయనది. ఎయిర్‌ఫోర్స్‌లో విమానాల ఇంజన్లు చూసే ఉద్యోగం చేసి రిటైర్ అయ్యారు. సర్వీసంతా ఇతరులను ఆకాశంలోకి పంపి, తాను నేల మీద నిలబడి చూశారు. యాభై దాటాక పుణెలో ఎవరో వాడి వదిలేసిన పారామోటార్ కొనుక్కుని, తన అంతట తాను ఎగరడం మొదలుపెట్టారు. స్పార్క్ ప్లగ్గు కోసం మా షాపుకి వచ్చినప్పుడు పరిచయం. "ఎందుకండీ దీనికింత చిన్న ప్లగ్గు?" అని అడిగాను. మర్నాడు చిలకలపూడి దాటాక ఒక ఖాళీ చేలో నిలబెట్టి, ఎందుకో చూపించారు. ఏడాది తిరిగేసరికి నేనూ ఒకటి కొనుక్కున్నాను.

మొదట్లో పొద్దున్నే ఎగిరి, టిఫిన్ వేళకి దిగిపోయేవాళ్ళం. తర్వాత ఆయనకి రాత్రి బయట పడుకుని, తెల్లారి తిరిగి రావాలన్న కోరిక పుట్టింది. అక్కడే అసలు సమస్య. ఎగిరేవాడు పడక, నీళ్ళు, తిండి అన్నీ ఒంటి మీదే మోయాలి. ప్రతి సామానూ పరిగెత్తే కాళ్ళ మీదా, తాగే పెట్రోలు మీదా పడుతుంది.

ఆ సామాను ఎంచుకోవడంలో విక్టర్ గారి పనితనం చూసి తీరాల్సింది. పాత పేపర్లు కొనేవాళ్ళు వాడే స్ప్రింగ్ కాటా ఒకటి ఇంటి దూలానికి వేలాడదీశారు. అందులో తూగకుండా ఏదీ మూటలోకి వెళ్ళేది కాదు. నేను ముచ్చటపడి హైదరాబాద్ నుంచి టెంటు తెప్పిస్తే, కాటాకి తగిలించి, ముల్లు ఆగినచోట వేలు పెట్టి నా వంక చూశారు.

"ఇది వర్షంలో కొండెక్కేవాళ్ళది శ్రీనూ. మార్చి నెలలో దివిసీమ ఇసుకలో మనకి వానతో పనేముంది? మన శత్రువు దోమ."

అలా టెంటు పోయి, పలుచటి నైలాన్ దోమతెర వచ్చింది. దానిమీద మంచు పడకుండా పాత రెక్క గుడ్డలోంచి కత్తిరించిన కప్పు. మేకులు బరువని, మా ఆవిడ చేత చిన్న చిన్న గుడ్డ సంచులు కుట్టించాం. దిగినచోట ఇసుక నింపి తాళ్ళు కట్టుకుంటే చాలు, తిరిగొచ్చేటప్పుడు కుమ్మరించేస్తే బరువే లేదు. పరుపు సంగతి వస్తే, సీటు వెనక మెత్త కోసం ఉన్న ఫోమ్ పలకనే పొడవుగా మడత విప్పేలా చేశారు. ఒకటే పని చేసే వస్తువు ఆయనకి నచ్చేది కాదు. గిన్నె ఒక్కటే, అదే గ్లాసు. తువ్వాలే దుప్పటి, తువ్వాలే తలపాగా. స్టవ్ అక్కర్లేదని తేల్చేశారు, అటుకులకి నిప్పెందుకని. బందరు లడ్డు పట్టుకెళ్దామని నేనంటే మాత్రం కాదనలేదు. "బరువే, కానీ న్యాయమైన బరువు" అన్నారు.

నీళ్ళ దగ్గర ఆయన పిసినారితనం చూపించలేదు. మిగతా అన్నిటిలో మిగిల్చిన బరువంతా నీళ్ళకే ఇచ్చారు. అంత కచ్చితమైన మనిషి దగ్గర నేర్చుకోవడం నా అదృష్టం అనుకుంటాను. ఆ కాటా పుణ్యాన నా బరువెంతో, గాలిలో ఆ బరువు ఎలా ఉంటుందో, వేసుకునే చెప్పుల్లా తెలిసిపోయింది. ఇది ఎందుకు చెబుతున్నానో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది.

ఆ మార్చిలో ఒక సాయంత్రం చల్లపల్లి బయట మినుము పీకేసిన చేలోంచి లేచాం. పోలీస్ స్టేషన్లో ముందే చెప్పి పెట్టాం. అవనిగడ్డ మీదుగా వెళ్తుంటే కృష్ణ పాయలు ఎర్రటి ఎండలో మెరిశాయి. లంకలు, వాటి మధ్య పడవలు, సముద్రం దగ్గరపడే కొద్దీ అద్దాలు పరిచినట్టు రొయ్యల చెరువులు. పైనుంచి చూస్తే ఎంత అందమో, ఎగిరేవాడికి అంత ప్రమాదం. వీపున ఇంజనుతో చెరువులో పడితే మనిషి పైకి రాడు. అందుకే ఆ చెరువుల మీదుగా ఎత్తుగా దాటి, సరుగుడు తోటల అవతల గట్టి ఇసుక మీద దిగాం.

దారిన పోతున్న చేపలు పట్టే ఆయన ఒకరు ఆగి, మా దోమతెరల్ని ఎగాదిగా చూసి, "పోటు ఇక్కడిదాకా రాదులెండి, పడుకోండి" అని చెప్పి వెళ్ళాడు. అటుకులు, లడ్డు తిని పడుకున్నాం. రాత్రంతా హాయిగా నిద్రపట్టింది. కలలు లేవు, చప్పుళ్ళు లేవు. ఏమైనా జరిగి ఉంటే చెప్పేవాణ్ణి.

తెల్లవారింది. గాలి లేదు. మూటలు కట్టుకున్నాం. వచ్చేటప్పటి కంటే నా మూట తేలిక: నీళ్ళు తాగేశాం, తిండి తినేశాం, పెట్రోలు సగం అయిపోయింది. మిగతా సగం తిరుగు ప్రయాణానికి సరిపోయి ఇంకా మిగలాలి. రెక్క పరిచి, ఇంజను వేసి పరిగెత్తాను.

రెక్క లేచింది. నేను లేవలేదు.

ఇసుకలో కాలు జారిందేమో అనుకుని ఆగి, మళ్ళీ పరిచాను. రెండోసారి పరుగు మొదలుపెట్టగానే భుజాల పట్టీలు కోసుకుపోయేంత బిగిశాయి. ఇంజను పూర్తిగా అరుస్తోంది. తడి ఇసుక దాకా, నీటి అంచుదాకా పరిగెత్తాను. కెరటం పాదాలకి తగులుతుంటే అప్పుడు లేచాను, అదీ బస్సు గతుకెక్కినట్టు.

పైకి వెళ్ళాక అయినా సర్దుకుంటుందనుకున్నాను. సర్దుకోలేదు. రెక్కని తిప్పే బ్రేకు తాళ్ళు లాగితే చేతులు నొప్పి పుట్టేంత గట్టిగా ఉన్నాయి. రెక్క తాళ్ళలో ఈల మామూలు కంటే సన్నగా, హెచ్చుగా వినిపించింది. విక్టర్ గారివీ నావీ ఒకే సైజు రెక్కలు. ఆయన నాకంటే భారీ మనిషి కాబట్టి ఎప్పుడూ ఆయనే వేగంగా ముందుండేవారు. బరువెక్కువైతే రెక్క వేగం పెరుగుతుంది. ఆ రోజు నేను ముందున్నాను. ఆయన వెనకబడిపోతున్నారు.

అయితే ఒకటి చెప్పాలి. నాకు భయం వేయలేదు. అంత బరువుతో కూడా రెక్క ఎంత నిలకడగా ఉందంటే, అంత శుభ్రంగా నేనెప్పుడూ ఎగరలేదు. కింద పొద్దుటి ఎండ లంకల మీద పడుతోంది. ఒక్క కుదుపు లేదు.

భయం పెట్రోలు చూశాక వేసింది. టాంకు వీపు వెనక ఉంటుంది కాబట్టి చేతికి చిన్న అద్దం కట్టుకుని అందులో చూస్తాం. రొయ్యల చెరువుల నడుమకి వచ్చేసరికి అద్దంలో టాంకు అడుగు కనిపిస్తోంది. ముందు చెరువులు, వెనక చెరువులు. తిన్నగా వెళ్తే ఎంతోకొంత దూరంలో రోడ్డు వస్తుందని లెక్క వేసుకుని అలాగే పోనిచ్చాను.

అప్పుడు సీటు ఎడమకి వాలింది.

ఈ బండిలో శరీరం ఎటు వాలితే రెక్క అటు తిరుగుతుంది. నేను వాలలేదు. కుడి బ్రేకు లాగి దారిలో పెట్టాను. మళ్ళీ ఎడమకి వాలింది. విసురుగా కాదు, పక్కనున్నవాళ్ళు మోచేత్తో మెల్లగా తట్టినట్టు. మూడోసారి నేను అడ్డుపెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడిగితే చెప్పలేను. రెక్క ఎడమకి తిరిగి, రోడ్డు వదిలేసి, చెరువుల మీదుగా వెళ్ళింది. కాసేపటికి ఇంజను దగ్గి ఆగిపోయింది.

కిందికి చూస్తే చెరువుల మధ్య ఒక చౌడు బీడు. నేను తిన్నగా వెళ్ళి ఉంటే ఇంజను ఆగేచోట నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆ బీడు అంతకుముందు నాకు కనిపించలేదు. గట్లకి అడ్డంగా తుమ్మలున్నాయి.

దిగేటప్పుడు బరువున్న రెక్క వేగంగా నేలకి వస్తుంది. కాళ్ళు విరగకుండా ఉంటే చాలనుకున్నాను. నేల రెండు నిలువుల దూరంలో ఉండగా, బరువు పోయింది. ఉన్నట్టుండి రెక్క పైకి తేలింది. వెనక కూర్చున్నవాళ్ళు దిగిపోతే సైకిలు ఎలా లేస్తుందో అలా. ఆ తేలిక మీద మెత్తగా, నిలబడి దిగాను.

విక్టర్ గారు నా వెనకే వచ్చి దిగారు. ఇంజను ఆపి, పట్టీలు విప్పుకోకుండానే నా దగ్గరికి నడిచొచ్చారు.

"ఎవర్ని ఎక్కించుకొచ్చావయ్యా?" అన్నారు.

నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

"దారంతా నీ వెనకే ఉన్నాను. పలక మీద నువ్వు కుడి అంచుకి ఒదిగి కూర్చున్నావు. పక్కన ఇంకొకళ్ళకి చోటిచ్చినట్టు. కుడికి కూర్చున్నవాడి రెక్క కుడికి తిరగాలి కదా. నీది ఎడమకి తిరిగింది."

నేను ఒదిగి కూర్చున్నట్టు నాకు గుర్తులేదు.

ఆయన కాటా తీశారు. ఎగిరినప్పుడల్లా దాన్ని దూలం మీంచి దించి వెంట తెచ్చుకునేవారు. అక్కడే నా మూట తూచాం, చల్లపల్లిలో తూగినదానికంటే తక్కువే ఉంది. రెక్క మంచుకి తడిసిందేమో అనుకుని గుడ్డ పిండి చూశాం, పొడిగా ఉంది. రెక్క అరల్లో ఇసుక చేరిందేమోనని దులిపాం, పిడికెడు కూడా రాలలేదు. టాంకు, పైపులు, కార్బురేటర్ తర్వాత గుడివాడలో మా షాపులో విప్పాను. ఎక్కడా కారడం లేదు. ఆయన టాంకులో ఇంకా చాలా పెట్రోలు మిగిలింది. నా టాంకులో మాత్రం రెండో మనిషిని మోసినంత ఖర్చయింది.

మేం ఇవన్నీ చూస్తుంటే చెరువు కాపలా గుడిసెలోంచి ఒకావిడ మంచినీళ్ళు తెచ్చింది. ఆగలేక అడిగేశాను.

"ఇక్కడెప్పుడైనా ఎవరైనా పోయారాండీ?"

"ఎవరూ పోలేదండీ" అంది ఆవిడ తేలిగ్గా. "మొన్నటిదాకా వరిచేలే కదండీ ఇయ్యన్నీ. ఈ ముక్క ఒక్కటీ తవ్వలేదు, చౌడని. మీరు తిన్నగా ఈ ముక్కలోకే ఎలా దిగారో అనుకుంటున్నా నేను."

తర్వాత విన్నవాళ్ళంతా వెంటనే డెబ్బై ఏడు నాటి ఉప్పెన మాట ఎత్తారు. ఆ సముద్రం పక్క ఇసుకలో పడుకున్నారు, ఇంకేముంటుంది అన్నారు. నేను ఆ మాటకి ఒప్పుకోలేదు. ఉప్పెనలో పోయినవాళ్ళకి పేర్లున్నాయి, ఇంటివాళ్ళున్నారు. నాకు అర్థం కానిదాన్ని తీసుకెళ్ళి వాళ్ళ మీద పెట్టడం మర్యాద అనిపించలేదు. విక్టర్ గారు చర్చిలో పెద్ద. ఆయన్ని అడిగితే, "నాకు తెలిసిన దాంట్లో దీనికి చోటు లేదు శ్రీనూ. అలాగని జరగలేదనను" అన్నారు. ఆయన నోట తెలియదన్న మాట నేను విన్నది అదొక్కసారే.

నేను ఇప్పటికీ ఎగురుతున్నాను. దివిసీమ వైపు ఎన్నోసార్లు వెళ్ళాను, ఆ ఇసుకలోనే పడుకున్నాను. మళ్ళీ అలాంటిది జరగలేదు. ఆలోచించినప్పుడల్లా నాకు భయం కంటే మెచ్చుకోలే ఎక్కువ కలుగుతుంది. ఇద్దరెక్కే బండ్లలో కొత్తవాళ్ళని ముందు కూర్చోబెట్టుకుంటే భయపడి బిగుసుకుపోతారు, కదిలి రెక్కని అల్లల్లాడిస్తారు. ఆ రోజు నాతో వచ్చినవాళ్ళెవరో గానీ, గాలిలో ఎలా కూర్చోవాలో తెలిసినవాళ్ళు. ఎక్కడ దిగాలో కూడా.

ఆ ఉదయం బీడులోంచి సామాను భుజానికెత్తుకుని రోడ్డుకి నడవబోతూ, విక్టర్ గారు ఒక్క క్షణం ఆగారు. తువ్వాలు తల మీంచి తీశారు. తుమ్మల పక్కనుంచి పోయే ఖాళీ గట్టు వైపు తిరిగి, బస్టాండులో చుట్టాల్ని సాగనంపినంత మామూలుగా అన్నారు.

"జాగ్రత్తగా వెళ్ళి రండి."